జన్యువులో ఒక అక్షరం, మెదడులో మరో అక్షరం: ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ చిక్కుముడి

ఆ ఎలుక పిల్లలు పుట్టినప్పుడు మామూలుగానే ఉన్నాయి. కొద్ది రోజులకే మూర్ఛలు మొదలయ్యాయి. సుమారు మూడు వారాల్లో అన్నీ చనిపోయాయి. వాటి శరీరంలో లోపించింది ఒకే ఒక్క ఎంజైమ్. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పీటర్ సీబర్గ్ బృందం 2000లో ప్రకటించిన ఫలితం ఇది. అయితే అసలు ఆశ్చర్యం దాని రెండో భాగంలో ఉంది. అదే ఎంజైమ్ లేని మరికొన్ని ఎలుకల్లో శాస్త్రవేత్తలు ఒక జన్యువులో ఒక చోట మార్పు చేశారు. ఎంజైమ్ రోజూ చేయవలసిన దిద్దుబాటును జన్యువులోనే శాశ్వతంగా రాసిపెట్టారు. ఈ ఎలుకలకు మూర్ఛలు రాలేదు. అవి పెరిగి పెద్దవయ్యాయి.

అంటే ఆ ఎంజైమ్ చేసే పనుల్లో ప్రాణం నిలబెట్టేది దాదాపుగా ఒక్కటే. జన్యువులో ఉన్న ఒక ‘తప్పు’ను, జన్యువు నుంచి తయారైన నకలులో సరిచేయడం. అలాంటప్పుడు ప్రకృతి ఆ తప్పును జన్యువులోనే ఎందుకు సరిచేసుకోలేదు? కోట్ల సంవత్సరాలుగా ప్రతిసారీ తప్పు రాసి, ప్రతిసారీ దిద్దుకుంటూ ఎందుకు వస్తోంది?

ఆర్‌ఎన్‌ఏ ఎడిటింగ్ గురించి ‘ఆక్టోపస్ తన జన్యువులను తానే తిరగరాసుకుంటుంది’ వంటి శీర్షికలు కనిపించినప్పుడల్లా నాకు ఈ ఎలుకలే గుర్తుకొస్తాయి. ఆ శీర్షికల్లో కొంత నిజం ఉంది, కొంత అతిశయోక్తి ఉంది. రెండింటినీ విడదీయాలంటే మొదటి నుంచి రావాలి.

తాళపత్రం, దాని నకలు

కణంలోని డీఎన్‌ఏను భద్రంగా దాచిన తాళపత్ర గ్రంథం అనుకుందాం. దాన్ని ఎవరూ బయటికి తీయరు. కావలసిన అధ్యాయానికి నకలు రాసుకుని, ఆ నకలుతో పని జరుపుకుంటారు. ఆ నకలే ఆర్‌ఎన్‌ఏ. రైబోజోమ్ అనే యంత్రం నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ఒక్కో మూడక్షరాల మాటకు ఒక్కో అమైనో ఆమ్లాన్ని గుచ్చుతూ ప్రోటీన్ అనే దండ తయారుచేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ అక్షరాలు నాలుగు: ఎ, యు, జి, సి.

ఎడిటింగ్ అంటే నకలు మీద జరిగే దిద్దుబాటు. తాళపత్రం చెక్కుచెదరదు. జంతువుల్లో ఎక్కువగా జరిగే దిద్దుబాటు ఒకే రకం. ‘అడార్’ అనే ఎంజైమ్‌ల కుటుంబం ఎ అనే అక్షరం, అంటే అడినోసిన్ నుంచి ఒక అమైన్ సమూహాన్ని తొలగిస్తుంది. మిగిలేది ఐనోసిన్. రైబోజోమ్ దాన్ని జి అక్షరంగా చదువుతుంది. ‘ఇంటి ముందు మేడ ఉంది’ అనే వాక్యంలో ఒక్క అక్షరం మారితే ‘ఇంటి ముందు మేక ఉంది’ అవుతుంది కదా, అలాగే ఒక్క ఎ కాస్తా జి అయితే ఒక అమైనో ఆమ్లం స్థానంలో మరొకటి వచ్చి కూర్చోవచ్చు.

ఇంతకీ ఏ అక్షరాన్ని దిద్దాలో ఎంజైమ్‌కు ఎలా తెలుస్తుంది? ఆర్‌ఎన్‌ఏ పోగు తన మీద తానే మడతపడి, రెండు పేటల తాడులా అల్లుకున్న చోటనే అడార్ పనిచేస్తుంది. ఆ మడత ఏర్పడాలంటే దిద్దవలసిన అక్షరం చుట్టూ ఉన్న వరుసకు జతకట్టే మరో వరుస అదే పోగులో ఉండాలి. చాలాసార్లు ఆ జత వరుస ఇంట్రాన్‌లో ఉంటుంది. ఇంట్రాన్ అంటే తుది నకలులోకి రాకుండా కత్తిరించి పారేసే ముక్క. ఎక్కడ దిద్దాలో చూపే గుర్తు పారేసే ముక్కలోనే ఉంది కాబట్టి, కత్తిరింపుకు ముందే దిద్దుబాటు పూర్తికావాలి. ఇంత నాజూకైన ఏర్పాటు నాడీకణాల్లో నిమిష నిమిషానికీ నడుస్తూనే ఉంటుంది.

ఇది ఉత్పరివర్తన కాదు, ఎందుకంటే డీఎన్‌ఏ మారలేదు. క్రిస్పర్ తరహా జన్యు సవరణ అంతకన్నా కాదు. నకలులోని ముక్కలను వేర్వేరుగా అతికించే స్ప్లైసింగ్ కూడా వేరు. ఆర్‌ఎన్‌ఏ కొంతకాలం ఉండి నశిస్తుంది. దానితోపాటే ఆ దిద్దుబాటూ పోతుంది. కాబట్టి ‘జన్యువులను తిరగరాసుకుంటుంది’ అనే మాట సరికాదు. జన్యువుల నకళ్లను దిద్దుకుంటుంది అనాలి.

ఒక్క అక్షరం, ఒక్క ద్వారం, కాల్షియం

హైడెల్‌బర్గ్ ఎలుకల్లో జరిగింది దగ్గరి నుంచి చూద్దాం. మెదడులో ఒక నాడీకణం మరో నాడీకణానికి వేగంగా కబురు పంపే ముఖ్య రసాయనం గ్లుటమేట్. దాన్ని అందుకునే ఆంపా గ్రాహకం నాలుగు ప్రోటీన్ ముక్కలు కలిసి ఏర్పడిన చిన్న ద్వారం. గ్లుటమేట్ తగలగానే తెరుచుకుని అయాన్లను లోపలికి వదులుతుంది. ఆ నాలుగింటిలో సాధారణంగా ఉండే ఒక ముక్క పేరు గ్లుఎ2.

గ్లుఎ2 జన్యువులో ద్వారం గొంతు దగ్గర సి-ఎ-జి అనే మాట ఉంటుంది. దాని అర్థం గ్లుటమిన్. కానీ మెదడు నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏలో శాస్త్రవేత్తలకు అక్కడ సి-జి-జి కనిపించింది. దాని అర్థం ఆర్జినిన్. సీబర్గ్ బృందం 1991లో ఈ తేడాను బయటపెట్టింది. జన్యువు చెప్పేది ఒకటి, ప్రోటీన్‌లో ఉండేది ఇంకొకటి.

ఈ తేడా చిన్నదేమీ కాదు. గ్లుటమిన్‌కు విద్యుదావేశం లేదు. ఆర్జినిన్‌కు ధనావేశం ఉంది. కాల్షియం అయాన్‌కు రెండు ధనావేశాలు. ద్వారం గొంతులో ఆర్జినిన్ కూర్చుంటే కాల్షియంను నెట్టేస్తుంది. గ్లుటమిన్ ఉంటే అది లోపలికి జొరబడుతుంది. నాడీకణంలోకి కాల్షియం మితిమీరి చేరితే కణం అతిగా ఉద్రేకపడుతుంది, చివరికి చచ్చిపోతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఈ ఒక్క చోట దిద్దుబాటు దాదాపు నూటికి నూరు శాతం జరుగుతుంది. హైడెల్‌బర్గ్ ఎలుక పిల్లల్లో లోపించిన ఎంజైమ్ అడార్ కుటుంబంలోని అడార్2. అది లేక ఈ దిద్దుబాటు జరగలేదు, అందుకే మూర్ఛలు వచ్చాయి. జన్యువులోనే ఆర్జినిన్ మాట రాసిపెట్టగానే ప్రాణం నిలిచింది. తర్వాత నిశితంగా పరీక్షించినప్పుడు ఆ బతికిన ఎలుకల్లో వినికిడిలో, ప్రవర్తనలో కొన్ని తేడాలు బయటపడ్డాయి. అడార్2కు మరికొన్ని పనులు కూడా ఉన్నాయన్నమాట, కానీ అవి ప్రాణం మీదికి వచ్చేవి కావు.

దీనికి మనుషుల వైపు ఒక కొస ఉంది. ఏఎల్ఎస్ అనే వ్యాధిలో కండరాలను నడిపే నాడీకణాలు ఒక్కొక్కటిగా నశిస్తాయి. కుటుంబంలో ఎవరికీ లేకుండా ఈ వ్యాధి వచ్చి మరణించినవారి వెన్నుపాము నాడీకణాలను జపాన్ శాస్త్రవేత్తలు విడివిడిగా పరిశీలించి, చాలావాటిలో ఇదే దిద్దుబాటు తగ్గిపోయిందని 2004లో చూపారు. తగ్గడం వ్యాధికి కారణమా, వ్యాధి పర్యవసానమా అన్న ప్రశ్నకు ఆ ఒక్క పరిశీలన జవాబు చెప్పలేదు. ఎలుకల్లో కండరాలను నడిపే నాడీకణాల నుంచి మాత్రమే అడార్2ను తీసేస్తే ఆ కణాలు మెల్లగా చచ్చిపోతాయని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. కారణం కావడానికి అవకాశం ఉందని అంతవరకు చెప్పవచ్చు.

దిద్దుబాటు లేని ఈగ ఎలా నడుస్తుంది?

ఫలాల చుట్టూ ముసిరే డ్రోసోఫిలా ఈగలో అడార్ జన్యువు ఒక్కటే ఉంటుంది. 2000లోనే రాబర్ట్ రీనన్, మేరీ ఓకానెల్ తదితరులు దాన్ని పూర్తిగా తొలగించి చూశారు. ఈగలు చనిపోలేదు. రెక్కలు, కళ్లు, కాళ్లు అన్నీ చక్కగానే ఉన్నాయి. పాడైంది నడవడిక. నడకలో పొందిక లేదు, ఒళ్లు వణుకుతుంది, మగ ఈగలు ఆడ ఈగల వెంట పడటం మానేశాయి. వేడి పెంచితే కదలిక లేకుండా పడిపోయాయి. వయసు పెరిగేకొద్దీ మెదడులోని కణాలు క్షీణించాయి.

ఈ ఫలితం నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. శరీర నిర్మాణం చెక్కుచెదరకుండా ప్రవర్తన మాత్రమే చెదిరిపోవడం వల్ల, ఈగలో ఎడిటింగ్ ప్రధానంగా నాడీ వ్యవస్థకు సేవ చేస్తోందని స్పష్టమైంది. అడార్ లేని సి. ఎలిగాన్స్ నులిపురుగులు కూడా బతుకుతాయి. అయితే వాసన గుర్తుపట్టి ఆహారం వైపు వెళ్లడంలో తడబడతాయి.

నాడీ వ్యవస్థే ఎందుకు? నాడీకణం బతుకంతా వేగం మీద, సమయం మీద ఆధారపడి ఉంటుంది. సోడియం ద్వారం తెరుచుకోవడం, పొటాషియం ద్వారం దాని వెనుకే తెరుచుకుని మళ్లీ మూసుకోవడం, ఇదంతా సెకనులో వెయ్యో వంతు లెక్క. ఒక ద్వారంలో ఒక అమైనో ఆమ్లం మారితే ఆ లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది. మనుషుల్లో, ఎలుకల్లో కెవి1.1 అనే పొటాషియం ద్వారంలో ఒక దిద్దుబాటు జరిగితే, మూతపడిన స్థితి నుంచి ఆ ద్వారం సుమారు 20 రెట్లు వేగంగా కోలుకుంటుంది. కాలేయ కణానికి ఇలాంటి తేడాతో అంతగా పని ఉండదు. నాడీకణానికి అదే సర్వస్వం.

మీట కాదు, తిప్పుడు బిళ్ల

గ్లుఎ2 ఉదాహరణ చదివితే ఎడిటింగ్ అంటే దీపం మీట లాంటిదనిపిస్తుంది, వేస్తే వెలుగు, లేకపోతే చీకటి. చాలా చోట్ల అది రేడియో శబ్దాన్ని పెంచి తగ్గించే బిళ్ల లాంటిది. ఒక కణంలో ఒక జన్యువుకు 100 నకళ్లు ఉన్నాయనుకోండి. 30 నకళ్లలో దిద్దుబాటు జరిగితే ఆ కణంలో రెండు రకాల ప్రోటీన్లు 30, 70 పాళ్లలో కలిసి ఉంటాయి. రేపు అది 60, 40 కావచ్చు. జన్యువులో నేరుగా జి రాసి ఉంటే ఈ వెసులుబాటు ఉండదు.

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ సెరటోనిన్ 2సి గ్రాహకం. ఆకలికీ మనోస్థితికీ సంబంధం ఉన్న ఈ గ్రాహకపు ఆర్‌ఎన్‌ఏలో దిద్దుబాటు జరిగే చోట్లు ఐదు, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒక్కో చోట దిద్దవచ్చు, దిద్దకపోవచ్చు. రెండును ఐదుసార్లు గుణిస్తే 32 రకాల నకళ్లు. వాటిలో కొన్నింటి అర్థం ఒకటే కాబట్టి తయారయ్యే ప్రోటీన్ రకాలు 24. అసలు దిద్దని రకం సంకేతాన్ని గట్టిగా అందుకుంటుంది, పూర్తిగా దిద్దిన రకం బలహీనంగా అందుకుంటుంది. పూర్తిగా దిద్దిన రకం మాత్రమే తయారయ్యేలా మార్చిన ఎలుకలు ఎక్కువ తిన్నాయి, అయినా ఒంట్లో కొవ్వు బాగా తక్కువ. వాటి శరీరం శక్తిని విపరీతంగా ఖర్చుచేస్తోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కుంగుబాటుతోనో ఆత్మహత్యతోనో మరణించినవారి మెదడులో ఈ గ్రాహకపు ఎడిటింగ్ తేడాగా ఉందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి సరిపోలలేదు. మరణానంతరం తీసిన కొద్దిపాటి నమూనాల నుంచి, అందులోనూ మందులు వాడినవారి నుంచి, కారణాన్ని తేల్చడం కష్టం. మనోవ్యాధికి మూలం ఇదేనని ఎవరైనా రాస్తే నమ్మవద్దు.

చల్లని నీళ్లు, నెమ్మదించే ద్వారాలు

ఇప్పుడు ఆక్టోపస్ దగ్గరికి వద్దాం. అంటార్కిటికా సముద్రపు నీరు సున్నా డిగ్రీల కంటే కాస్త చల్లగా ఉంటుంది. ప్యూర్టోరికో తీరం వెచ్చనిది. ఆక్టోపస్ ఒంటి వేడి నీటి వేడే. చలిలో ప్రోటీన్ల కదలిక మందగిస్తుంది, పొటాషియం ద్వారాలు నెమ్మదిగా మూసుకుంటాయి. అలాంటప్పుడు అంటార్కిటికా ఆక్టోపస్ నాడీకణం పని ఎలా చేస్తోంది?

శాండ్రా గారెట్, జాషువా రోసెంతాల్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నతో బయలుదేరారు. చలి ప్రాంతపు ఆక్టోపస్ జన్యువు వేరుగా ఉంటుందన్నది సహజమైన ఊహ. రెండు చోట్ల ఆక్టోపస్‌ల నుంచీ పొటాషియం ద్వారం జన్యువును తీసి పోల్చి చూస్తే, రెండూ దాదాపు ఒకేలా ఉన్నాయి. వాటి నుంచి తయారైన ద్వారాల పనితీరూ దాదాపు ఒకటే. తేడా ఆర్‌ఎన్‌ఏలో దొరికింది. ఒక చోట ఐసోల్యూసిన్‌ను వాలిన్‌గా మార్చే దిద్దుబాటు అంటార్కిటికా జీవిలో చాలా ఎక్కువ, ఉష్ణమండల జీవిలో చాలా తక్కువ. ఆ ఒక్క మార్పుతో ద్వారం మూసుకునే వేగం రెట్టింపును మించింది. 2012లో వెలువడిన ఈ పరిశోధన చదివినప్పుడు కలిగిన ఉత్సాహం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

కానీ వేర్వేరు జాతుల మధ్య తేడా చూపడం ఒక ఎత్తు, ఒకే జీవి తనంతట తాను సర్దుకోవడం మరో ఎత్తు. ఆ రెండో ప్రశ్నకు 2023లో జవాబు వచ్చింది. కాలిఫోర్నియా తీరంలో ఉండే రెండు చుక్కల ఆక్టోపస్‌లను కొన్నింటిని 22 డిగ్రీల నీటిలో, కొన్నింటిని 13 డిగ్రీల నీటిలో ఉంచారు. చల్లని నీటిలో ఉన్నవాటి నాడీ వ్యవస్థలో 13,000కు పైగా మూడక్షరాల మాటల్లో ఎడిటింగ్ పాళ్లు మారాయి, చాలావరకు పెరిగాయి. మార్పు గంటల్లోనే మొదలై కొద్ది రోజుల్లో కుదుటపడింది. సముద్రంలో వేర్వేరు రుతువుల్లో పట్టిన ఆక్టోపస్‌లలోనూ ఇలాంటి తేడాలే కనిపించాయి. నాడీతంతువు వెంట సరుకు మోసే కైనసిన్ అనే ప్రోటీన్ నడక వేగం, కాల్షియంను పట్టుకుని రసాయన సంకేతాన్ని విడుదల చేయించే సినాప్టోటాగ్మిన్ పట్టు, దిద్దుబాటుతో నిజంగానే మారుతున్నాయని పరీక్షించి చూపారు.

స్క్విడ్, ఆక్టోపస్, కటిల్‌ఫిష్ ఈ విషయంలో జంతులోకంలోనే ప్రత్యేకం. 2015లో ఒక స్క్విడ్ జాతి నాడీ వ్యవస్థలో ప్రోటీన్‌ను మార్చే ఎడిటింగ్ చోట్లు 57,000కు పైగా లెక్కతేలాయి. క్షీరదాలన్నింటిలో ఉమ్మడిగా నిలిచిన అలాంటి చోట్లు కొన్ని పదులే. పైగా స్క్విడ్ నాడీకణాల్లో దిద్దుబాటు కేంద్రకం దాటి, దూరంగా సాగిన తంతువులో కూడా జరుగుతుంది. వాటికి దూరపు చుట్టమైన నాటిలస్‌లో మాత్రం ఇంత ఎడిటింగ్ లేదు.

తెలివికి మూలం ఇదేనా?

నాటిలస్‌కు ఎడిటింగ్ తక్కువ, నేర్పూ తక్కువ. ఆక్టోపస్‌కు రెండూ ఎక్కువ. కాబట్టి ఎడిటింగే తెలివినిచ్చిందని అనిపించడం సహజం. కానీ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమనలేం. ఆక్టోపస్‌లో ఎడిటింగ్‌ను ఆపి, అది నేర్చుకోవడం తగ్గిందా అని చూసిన ప్రయోగం నాకు తెలిసినంతలో లేదు. చీమల్లో, తుమ్మెద జాతుల్లో పనిని బట్టి ఎడిటింగ్ తేడాలు కనిపించాయి. వాటిదీ ఇదే పరిమితి.

అంతకన్నా లోతైన వివాదం ఇంకొకటి ఉంది. ఈ వేల దిద్దుబాట్లలో ఉపయోగపడేవి ఎన్ని? మిషిగన్ విశ్వవిద్యాలయంలోని జియాన్‌జీ ఝాంగ్ బృందం వాదన ప్రకారం అత్యధిక భాగం ఉపయోగం లేనివే. వాళ్ల తర్కాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. పూర్వం ఒక జన్యువులో జి ఉంది, అది అవసరం. ఉత్పరివర్తన వల్ల అది ఎ అయితే జీవి చనిపోవాలి. కానీ ఆ చోట అడార్ చురుగ్గా ఉంటే నకలులో ఎ మళ్లీ జి అవుతుంది, జీవి బతుకుతుంది. హానికరమైన మార్పు జన్యువులో తిష్ఠ వేస్తుంది. అప్పటి నుంచి దిద్దుబాటు తప్పనిసరి అవుతుంది. అయినా దానివల్ల కొత్తగా కలిగిన లాభం ఏమీ లేదు. జరిగిందల్లా పాత స్థితిని నిలబెట్టుకోవడమే. ఊతకర్ర అలవాటైన కాలు లాంటిది. గ్లుఎ2 ఎలుకలను ఈ వెలుగులో చూడండి. జన్యువులో దిద్దుబాటు చేయగానే ఎంజైమ్ లేకపోయినా అవి బతకడం ఈ వాదనకు చక్కగా సరిపోతుంది.

రోసెంతాల్, టెల్ అవీవ్‌లోని ఎలీ ఐసెన్‌బర్గ్ బృందాలు మరో వైపు నుంచి చూస్తాయి. అన్నీ ఉపయోగకరమని వాళ్లూ అనడం లేదు. స్క్విడ్‌కూ ఆక్టోపస్‌కూ ఉమ్మడిగా, కోట్ల సంవత్సరాలు చెరగకుండా, ఎక్కువ పాళ్లలో దిద్దబడే చోట్లను ప్రకృతి వరణం కాపాడుతోందని అంటున్నారు. దానికి ఒక గట్టి ఆధారం ఉంది. ఎడిటింగ్ జరగాలంటే చుట్టూ ఉన్న మడత చెదరకూడదు, మడత చెదరకూడదంటే చుట్టుపక్కల డీఎన్‌ఏ మారకూడదు. ఈ జీవుల్లో ఎడిటింగ్ చోట్ల చుట్టూ డీఎన్‌ఏ మార్పులు నిజంగానే తక్కువని 2017లో చూపారు. జన్యుపరిణామంలో కొంత వేగాన్ని వదులుకుని మరీ వీటిని నిలుపుకున్నాయంటే ఏదో లాభం ఉండాలన్నది వాళ్ల మాట.

నా అంచనాలో రెండు వాదనలూ వేర్వేరు దిద్దుబాట్ల గురించి మాట్లాడుతున్నాయి. ఎప్పుడూ నూరు శాతం జరిగే దిద్దుబాటుకు ఝాంగ్ వివరణ బలంగా ఉంది, ఎందుకంటే ఆ పని జన్యువే చేయగలదు. చలికి పెరిగి వేడికి తగ్గే దిద్దుబాటుకు అది చాలదు. ఒకే జన్యువు ఒక రుతువులో ఎ, మరో రుతువులో జి కాలేదు కదా. అయితే చలికి పెరిగినవన్నీ మేలు చేస్తున్నాయనీ అనలేం. చల్లబడితే ఆర్‌ఎన్‌ఏ మడతలు గట్టిపడతాయి, దాంతో అడార్‌కు పని ఎక్కువ దొరకవచ్చు. ఆ పదమూడు వేలలో కొన్ని కేవలం ఆ భౌతిక ధర్మం ఫలితాలు కావచ్చు. అందుకే కైనసిన్, సినాప్టోటాగ్మిన్‌లను విడిగా తీసి పరీక్షించడం అంత ముఖ్యమైంది.

పెద్ద అంకెలను ఎలా చదవాలి?

మనిషిలో లక్షల చోట్ల ఎడిటింగ్ జరుగుతుందన్నది నిజమే. కానీ వాటిలో అత్యధిక భాగం ఆలు అనే పునరావృత వరుసల్లో ఉంటుంది, ప్రోటీన్ అక్షరాల్లో కాదు. అక్కడి దిద్దుబాటు చేసే పని వేరు. మన సొంత రెండు పేటల ఆర్‌ఎన్‌ఏను చూసి రోగనిరోధక వ్యవస్థ వైరస్ అని పొరబడకుండా అదే కుటుంబంలోని అడార్1 దాన్ని మార్చి ఉంచుతుంది. కాబట్టి ‘లక్షల చోట్లు’ అనగానే లక్షల కొత్త ప్రోటీన్లు అనుకోకూడదు.

కొలతలోనూ జాగ్రత్త కావాలి. 2011లో ఒక బృందం మనుషుల్లో డీఎన్‌ఏకూ ఆర్‌ఎన్‌ఏకూ 10,000కు పైగా చోట్ల తేడాలున్నాయని, తెలిసిన రకాలే కాకుండా అన్ని రకాల అక్షర మార్పులూ జరుగుతున్నాయని ప్రకటించింది. మరుసటి ఏడాది ఇతరులు అదే సమాచారాన్ని తిరిగి పరిశీలిస్తే, చాలావరకు చదవడంలో, జన్యువుతో పోల్చడంలో దొర్లిన పొరపాట్లని తేలింది.

ఈ మధ్య ఎడిటింగ్ వార్తల్లోకి రావడానికి వైద్యం మరో కారణం. 2024 అక్టోబరులో వేవ్ లైఫ్ సైన్సెస్ అనే సంస్థ, రోగి కణాల్లో ఉన్న అడార్‌నే ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కతో దారి చూపించి, కాలేయంలో ఒక ప్రోటీన్ లోపాన్ని దిద్దించినట్టు ప్రకటించింది. మందు ఆపితే దిద్దుబాటూ ఆగుతుంది. కొందరికి అది లోపం, డీఎన్‌ఏలో శాశ్వత మార్పుకు భయపడేవారికి అదే భరోసా. మెదడు వరకు ఇలాంటి మందును చేర్చడం కాలేయమంత సులభం కాదు.

ఇక ఆక్టోపస్ తెలివి ప్రశ్నకు కావలసిన పనిముట్లు ఇప్పుడిప్పుడే చేతికొస్తున్నాయి. 2020లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర జీవశాస్త్ర ప్రయోగశాలలో రోసెంతాల్ తదితరులు స్క్విడ్‌లో మొదటిసారిగా ఒక జన్యువును పనిచేయకుండా చేశారు. అది రంగునిచ్చే జన్యువు. ఆ పిల్లల ఒంటి మీది రంగు చుక్కలు మాయమయ్యాయి. అదే పద్ధతిలో ఏదో ఒక నాడీ ద్వారపు జన్యువులో ఎ బదులు జి రాసి, హైడెల్‌బర్గ్‌లో ఎలుకలకు చేసినట్టే దిద్దుబాటును శాశ్వతం చేయగలిగితే, ఆ స్క్విడ్ వెచ్చని నీటిలో ఎలా ఈదుతుందో, చల్లని నీటిలో ఎలా వేటాడుతుందో పక్కపక్కన పెట్టి చూడవచ్చు. రెండు చోట్లా మామూలు స్క్విడ్‌లాగే ఉంటే ఝాంగ్ మాటకు బలం వస్తుంది. ఒక చోట తడబడితే, ఆ దిద్దుబాటును జన్యువులోకి ఎందుకు రాసుకోలేదో ఆ తడబాటులోనే కనిపిస్తుంది.